గుజో హచిమాన్ వేసవి నృత్యోత్సవం: 30 రాత్రుల పండుగను పేటల వారు ఎలా నడుపుతున్నారు?

ప్రశ్న (నగోయా నుంచి)

అందరికీ నమస్కారం. మేము నగోయాలో ఉంటున్నాము. ఇక్కడి తెలుగు కుటుంబాలన్నీ కలిసి ఉగాదిని, వినాయక చవితిని జరుపుకుంటాయి. హాలు మాట్లాడటం, వంటలు, పిల్లల కార్యక్రమాలు, చివరికి కుర్చీలు సర్ది నేల తుడవడం వరకు అన్నీ ఉద్యోగాలు చేసుకునేవారే సెలవు రోజుల్లో చూసుకుంటారు. ఏడాదికి రెండు పండుగలే అయినా ఆ బరువు ప్రతిసారీ అదే నలుగురైదుగురి మీద పడుతుంది. వారిలో ఎవరికైనా బదిలీ అయితే, ఏ సామాను ఎక్కడ అద్దెకు దొరుకుతుందో కూడా మిగిలినవారికి తెలియని పరిస్థితి వస్తుంది.

మాకు గంటన్నర ప్రయాణ దూరంలో, గిఫు ప్రిఫెక్చర్ కొండల మధ్య గుజో హచిమాన్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడ జూలై మధ్య నుంచి సెప్టెంబరు మొదటి వారం దాకా సుమారు 30 రాత్రులు వీధుల్లో సామూహిక నృత్యం జరుగుతుందని, దానికి ప్రవేశ రుసుము గాని ఆహ్వానం గాని అవసరం లేదని, ఆగస్టు 13 నుంచి 16 వరకు నాలుగు రాత్రులు తెల్లవారే దాకా ఆడతారని విన్నాము. అంత చిన్న ఊరు ఇంత దీర్ఘమైన ఉత్సవాన్ని ప్రతి వేసవిలోనూ అలసిపోకుండా ఎలా నడపగలుగుతోందో తెలుసుకోవాలని ఉంది. పనులు ఎవరు పంచుకుంటారు? డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? తరువాతి తరానికి బాధ్యతను ఎలా అప్పగిస్తారు? చూసి వచ్చినవారు, ఇటువంటి విషయాలను చదివినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

మొదటి సమాధానం (గిఫు నగరం నుంచి)

మీ ప్రశ్న చదివితే, 30 రాత్రుల ఉత్సవమంతటినీ ఒకే సంఘం మోస్తున్నదని మీరు భావిస్తున్నట్లు అనిపించింది. ముందు ఆ సంవత్సరపు కార్యక్రమ పట్టికను చూడండి, దాదాపు ప్రతి రాత్రికీ ఒక పేరు ఉంటుంది. ఒక రాత్రి ఒక షింటో ఆలయపు తిరునాళ్లు, ఇంకొక రాత్రి ఒక బౌద్ధాలయపు ఉత్సవం, మరొక రాత్రి ఏదో వీధి మలుపులో నిలబడి ఉన్న జిజో అనే బోధిసత్త్వుడి విగ్రహానికి వార్షిక పూజ. ఆ రాత్రి ఏ పేట దేవుడిదో ఆ పేటవారికే అది సొంత పండుగ. నృత్యస్థలం కూడా దాన్ని బట్టి ఒక వీధి నుంచి మరొక వీధికి మారుతూ ఉంటుంది. అందువల్ల ఏ ఇంటివారూ 30 రాత్రుల బరువు మోయరు. తమ పేట వంతు వచ్చిన రాత్రికి కావలసినవి సిద్ధం చేసుకుంటారు, మిగిలిన రాత్రుల్లో అతిథుల్లాగా వెళ్లి ఇతరుల వీధిలో ఆడతారు. ఈ పండుగ అలసటను తట్టుకోవడానికి మూలకారణం ఇదేనని నా గట్టి నమ్మకం.

దీని వెనుక చరిత్ర కూడా ఉంది. పూర్వం ఈ ఊళ్లో ఏడు ముఖ్యమైన తిరునాళ్ల రాత్రుల్లో నృత్యం జరిగేది. జూలై 16న తెన్నో ఉత్సవం, ఆగస్టు 7న బెంటెన్ దేవి ఉత్సవం, ఆగస్టు 14, 15, 16 తేదీల్లో పితృదేవతలు ఇళ్లకు వస్తారని నమ్మే ఓబోన్, ఆగస్టు 24న జిజో పూజ అందులోనివి. బెంటెన్ అంటే మన సరస్వతీదేవే, జిజో అంటే సంస్కృత బౌద్ధ గ్రంథాల్లో కనిపించే క్షితిగర్భ బోధిసత్త్వుడు. మనకు బొత్తిగా పరాయిది అనుకుని వెళ్లిన చోట ఈ దేవతలను చూసి నేను ఎంతో సంతోషించాను. ఆ ఏడు రాత్రులే కాలక్రమంలో విస్తరించి ఇప్పుడు వేసవి అంతటా పరచుకున్నాయి.

కాన్‌ఎయి కాలంలో, అంటే 1624కూ 1644కూ మధ్య, అప్పటి ప్రభువు ఎందో యోషితాక ప్రజలందరూ కులభేదం లేకుండా కలిసిమెలిసి ఉండాలని ఓబోన్ రోజుల్లో ఈ నృత్యాన్ని ప్రోత్సహించాడని స్థానికంగా చెప్పుకుంటారు. 400 ఏళ్ల చరిత్ర అని అందరూ చెప్పేది దీన్ని బట్టే. అయితే అదే గుజోలో 1754 నుంచి 1758 దాకా పన్నుల మీద రైతుల తిరుగుబాటు సాగి, చివరికి అప్పుడు పాలిస్తున్న కనమోరి వంశం తన సంస్థానాన్నే పోగొట్టుకుంది. ప్రజల మధ్య ఐక్యతను ప్రభువులే దయచేశారన్న కథ కంటే, వీధి వీధికీ ఒక దేవుడు, ఆ దేవుడి చుట్టూ ఒక పేట అన్న అమరికే ఈ ఉత్సవానికి బలమైన పునాది అని నాకు అనిపిస్తుంది.

ఇక పనుల విభజన సంగతి. నృత్యానికి పాట, వాద్యం అందించే బాధ్యత గుజో నృత్య పరిరక్షణ సంఘానిది. అది 1922లో ఏర్పడింది. పాడేవారు, షామిసెన్ అనే మూడు తీగల వాద్యాన్ని మీటేవారు, వేణువు ఊదేవారు, డోలు వాయించేవారు అందరూ ఆ ప్రాంతపు మనుషులే. వారు చక్రాల మీద నడిచే ఒక కొయ్య మండపంలో కూర్చుంటారు. ఆ మండపాన్ని ఆ రాత్రి వంతు ఉన్న వీధికి తోసుకువెళ్లి నిలబెడితే దాని చుట్టూ జనం వలయంగా ఏర్పడతారు. నృత్యాలు మొత్తం పది. ‘కవాసాకి’తో మొదలుపెట్టి ‘మత్సుసాకా’తో ముగిస్తారు. చివరిదానికి వాద్యాలు ఉండవు, గొంతు, చెక్క తాళాలు మాత్రమే వినిపిస్తాయి. వీధిని సిద్ధం చేయడం, దీపాలు కట్టడం, పూజ ఏర్పాట్లు, మర్నాటి ఉదయం వీధి ఊడ్చడం వంటివి ఆ పేట పనులు. పట్టణం మొత్తానికి సంబంధించిన ప్రచారం, రాకపోకల మళ్లింపు, పార్కింగ్ వంటివాటిని నగరపాలక సంస్థ, పర్యాటక సంఘం చూసుకుంటాయి. ఇలా మూడు అంచెలుగా ఉండడం వల్ల, పాటలో ఆరితేరినవారు చెత్త సంచుల లెక్క చూడవలసిన అవసరం రాదు. చెత్త సంచులు చూసేవారికి పాట రాకపోయినా పరువు తక్కువ కాదు.

ఇంకొక్క విషయం చెప్పకుండా ఈ సమాధానం ముగించలేను. ఆ ఊరి నీటిని చూడకుండా ఆ ఊరి పండుగ అర్థం కాదు. ఉత్తర పేట అయిన కితామాచి 1919లో పెద్ద అగ్నిప్రమాదంలో కాలిపోయింది. కొయ్య ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉండే ఆ వీధుల్లో ఈనాటికీ చాలా ఇళ్ల చూరు కింద నీటి బకెట్లు వేలాడుతూ కనిపిస్తాయి, వీధుల పక్కన కాలువలు పారుతూ ఉంటాయి. ఊట నీటిని వరుస తొట్లలోకి మళ్లించి, పై తొట్టి నీటిని తాగడానికి, దాని కింది తొట్టిని కూరగాయలు కడగడానికి, ఆ కిందిదాన్ని గిన్నెలు తోమడానికి వాడుకునే పద్ధతి అక్కడ ఇంకా ఉంది. మిగిలిన మెతుకులను కింది చెరువులోని చేపలు తింటాయి. పై ఇంటివారు నియమం తప్పితే కింది ఇంటివారి నీరు పాడవుతుంది కాబట్టి, తొట్లు కడగడం, కాలువ శుభ్రం చేయడం వంతులవారీగా జరగక తప్పదు. వేసవి రాత్రికి మనుషులను ఎలా సమీకరిస్తారని మీరు అడిగారు. ఆ ఇళ్లవారు ఏడాది పొడుగునా నీటి కోసం ఒకరి మీద ఒకరు ఆధారపడి వంతులు పాటిస్తున్నవారే. పండుగకని కొత్తగా సమీకరించవలసిన పని అంతగా ఉండదు.

రెండవ సమాధానం (టోక్యో నుంచి, పట్టణ ప్రణాళిక విద్యార్థి)

పై సమాధానం చాలా బాగుంది. దానికి డబ్బు, చట్టం, అనుమతుల గురించి కొంత చేర్చాలనుకుంటున్నాను. ఇవి గుజోకు మాత్రమే పరిమితమైనవి కావు, జపాన్ పట్టణాల్లో పేట పండుగలు నడిపే ప్రతి బృందమూ ఎదుర్కొనేవి.

జపాన్‌లో పేట స్థాయి పనులకు ఆధారం ఇరుగుపొరుగు సంఘాలు. ప్రతి ఇంటి నుంచి చిన్న మొత్తంలో చందా, వంతులవారీగా పెత్తనం, చెత్త వేసే చోటును శుభ్రంగా ఉంచడం, విపత్తు కసరత్తులు, వేసవి పండుగ, ఇవన్నీ వాటి పరిధిలోకి వస్తాయి. యుద్ధకాలంలో ప్రభుత్వం ఈ సంఘాలను రేషను పంపిణీకీ, ప్రజల మీద నిఘాకూ వాడుకున్న కారణంగా, యుద్ధంలో ఓడిన జపాన్‌ను ఆక్రమించి పాలించిన మిత్రరాజ్యాలవారు 1947లో వాటిని నిషేధించారు. 1952లో ఆ నిషేధం తొలగిపోయాక అవి మళ్లీ బహిరంగంగా పనిచేయడం ప్రారంభించాయి. 1991లో స్థానిక స్వపరిపాలన చట్టాన్ని సవరించి, ఆమోదం పొందిన సంఘం తన పేరు మీద ఆస్తిని నమోదు చేసుకునే వీలు కల్పించారు. అంతకు ముందు సంఘం స్థలాన్నో భవనాన్నో ఎవరో ఒక పెద్దమనిషి పేరున ఉంచవలసి వచ్చేది, ఆయన మరణించాక వారసులతో చిక్కులు వచ్చేవి. పండుగ సామాను దాచుకునే గది ఎవరి పేరున ఉన్నది అన్నది చిన్న విషయంగా కనిపించవచ్చు. కాని పదవిలో ఉన్నవారు మారినా పండుగ ఆగకుండా ఉండాలంటే ఇటువంటి ఏర్పాటు ఎంతో అవసరం. మీ సంఘంలో సామాను వివరాలు ఒకరిద్దరి జ్ఞాపకంలోనే ఉన్నాయని మీరు రాశారు కాబట్టి దీన్ని ప్రత్యేకంగా చెబుతున్నాను.

సభ్యత్వం స్వచ్ఛందమన్న విషయాన్ని 2005లో జపాన్ సుప్రీం కోర్టు స్పష్టం చేసింది. ఒక ప్రభుత్వ గృహసముదాయపు సంఘం నుంచి వైదొలగిన నివాసి కేసులో, సభ్యుడు ఎప్పుడైనా సంఘాన్ని విడిచిపెట్టవచ్చునని, అయితే ఉమ్మడి సేవలకు అయ్యే ఖర్చును మాత్రం చెల్లించవలసిందేనని తీర్పు వచ్చింది. పండుగ పని విషయంలో దీని భావం ఏమిటంటే, పిలిస్తే రాకపోయే హక్కు పొరుగువారికి ఉంది. వచ్చిన వారితోనే పని నడపాలి. పాత పేటల్లో రాకపోవడానికి మొహమాటం అడ్డు వస్తుంది, కొత్త అపార్టుమెంట్లలో అది ఉండదు. పైగా ఇళ్ల సంఖ్య తగ్గుతూ, ఉన్నవారి వయసు పెరుగుతూ ఉన్న చోట, వంతు ఆరేళ్లకు ఒకసారి రావలసినది రెండు మూడేళ్లకే వస్తుంది. కొండ పట్టణాల్లో ఇది మరీ తీవ్రమైన సమస్య. గుజో హచిమాన్ 2004లో ఇరుగుపొరుగు పట్టణాలు, గ్రామాలతో కలిసి గుజో నగరంగా ఏర్పడింది, అన్నీ కలిపినా జనాభా సుమారు 40 వేలు మాత్రమే. కాబట్టి మొదటి సమాధానంలో చెప్పిన వంతుల పద్ధతిని నేను మెచ్చుకుంటూనే, ఆ వంతును పట్టుకోవడానికి చేతులు చాలినంత కాలమే అది పనిచేస్తుందని చెప్పదలచుకున్నాను.

బయటివారికి కనిపించని శ్రమ అనుమతుల్లో ఉంటుంది. వీధిని మూయాలంటే రోడ్డు ట్రాఫిక్ చట్టం కింద పోలీసు స్టేషన్ నుంచి అనుమతి తీసుకోవాలి. తినుబండారాలు వండి అమ్మాలంటే ఆరోగ్య కేంద్రానికి చెప్పాలి. 2001 జూలైలో ఆకాషి నగరంలో బాణసంచా ప్రదర్శన చూడటానికి వచ్చిన జనం ఒక పాదచారుల వంతెన మీద తొక్కిసలాటలో చిక్కుకుని 11 మంది మరణించారు. చిన్నపిల్లలే ఎక్కువగా చనిపోయిన ఆ ఘటన తరువాత, 2005లో భద్రతా సేవల చట్టం సవరణతో జనసందోహాన్ని నియంత్రించే కాపలాకు ప్రత్యేక అర్హతలు ఏర్పరచారు. 2013 ఆగస్టులో ఫుకుచియామా బాణసంచా వేడుకలో ఒక దుకాణం వద్ద పెట్రోలు డబ్బా నుంచి మంటలు లేచి ముగ్గురు చనిపోయాక, పండుగల్లో పొయ్యి వెలిగించే ప్రతి దుకాణమూ అగ్నిమాపక పరికరాన్ని దగ్గర ఉంచుకోవాలన్న నిబంధన వచ్చింది. ఒకప్పుడు దీపాలు కట్టడం, వీధి ఊడ్చడం తెలిస్తే సరిపోయిన స్వచ్ఛంద సేవకుడు, ఇప్పుడు రోడ్డు పటం గీసి పోలీసులకు ఇవ్వాలి, దుకాణాల మధ్య దూరం కొలవాలి, అంబులెన్సు వచ్చే దారిని ఖాళీగా ఉంచాలి. ఇవన్నీ ప్రాణాలు కాపాడే నియమాలు, వాటిని తగ్గించమని ఎవరూ అడగకూడదు. కాని ఈ కాగితాల పని భారమే చాలా చోట్ల పేట పండుగలు ఆగిపోవడానికి ఒక కారణమని ఒప్పుకోవాలి. అది తెలిసిన మనిషిని ప్రతి బృందమూ జాగ్రత్తగా తయారుచేసుకోవాలి.

పోలిక కోసం తొయామా ప్రిఫెక్చర్‌లోని యాత్సువో అనే కొండవాలు పట్టణాన్ని చూడండి. అక్కడ ‘ఓవారా కజె నో బొన్’ అనే ఉత్సవాన్ని తుపాను గాలులు పంటను పాడుచేయకుండా ఉండాలని సెప్టెంబరు 1 నుంచి 3 దాకా జరుపుతారు. ఆ పట్టణంలో 11 పేటలు ఉన్నాయి. ఆగస్టు 20 నుంచి 30 వరకు 11 రాత్రులు, రాత్రికి ఒక పేట చొప్పున ముందస్తు ఉత్సవం నడుస్తుంది. ప్రతి పేటకూ తనదైన వస్త్రధారణ, తనదైన నృత్య బృందం ఉంటాయి. ముఖం కనిపించకుండా గడ్డి టోపీని కిందికి దించుకుని ఆడే యువతీయువకులు సుమారు 25 ఏళ్ల వయసులో వీధి నృత్యం నుంచి విరమించి, పాటకూ వాద్యానికీ పిల్లలకు నేర్పడానికీ మారడం ఆచారం. గుజోలో ఎవరైనా వలయంలో చేరి ఆడవచ్చు, యాత్సువోలో వచ్చినవారు ఎక్కువగా ఒడ్డున నిలబడి చూస్తారు. అందుకే ఆ మూడు రోజుల్లో పెద్ద సంఖ్యలో వచ్చే సందర్శకులు ఇరుకైన వీధుల్లో నిండిపోయి, నాట్యకారులు కదలలేని పరిస్థితి ఏర్పడుతుంది. అయితే తరాల మార్పిడి గురించి మీరు అడిగిన ప్రశ్నకు మాత్రం యాత్సువో దగ్గర స్పష్టమైన జవాబు ఉంది. విరమించే వయసు ముందే తెలిసి ఉండటం వల్ల ప్రతి ఏడూ కొత్తవారికి చోటు తప్పనిసరిగా ఏర్పడుతుంది. విరమించినవారికీ గౌరవమైన పని మరొకటి సిద్ధంగా ఉంటుంది. మన సంఘాల్లో పదవి వదిలినవారు పూర్తిగా దూరమైపోవడమో, వదలకుండా కూర్చోవడమో జరుగుతుంది. ఈ ఒక్క పద్ధతినైనా మనం నేర్చుకోవాలని నా కోరిక.

మూడవ సమాధానం (తొయొటా నగరం నుంచి)

మా కుటుంబం వేసవిలో గుజో వెళుతూ ఉంటుంది కాబట్టి, వెళ్లేవారికి పనికివచ్చే రెండు మాటలు చెబుతాను.

నృత్యం రాదని ఒడ్డున నిలబడకండి. వలయం నెమ్మదిగా కదులుతూ ఉంటుంది, ఎదురుగా ఉన్న పెద్దవారి చేతులూ కాళ్లూ చూస్తూ ఉంటే మొదటి పాట పూర్తయ్యేలోగా ‘కవాసాకి’ పట్టుబడుతుంది. ‘హరుకోమా’ మాత్రం గుర్రపు నడకలా చురుకుగా సాగుతుంది, దానికి కొంత ఊపిరి కావాలి. పిల్లలకు పిల్లికూనల పేరు మీద ఉన్న ‘నెకో నో కో’ బాగా నచ్చుతుంది. చెక్క పాదరక్షలైన గెతా వేసుకుంటే, అందరి అడుగులూ ఒకేసారి నేలను తాకే చప్పుడులో మీరూ భాగమవుతారు. కాని అలవాటు లేనివారు వేలి సందుల్లో ఒరుసుకుపోకుండా పట్టీలు వెంట ఉంచుకోవాలి. వేసవిలో ధరించే నూలు వస్త్రమైన యుకాతా తప్పనిసరి కాదు, పంజాబీ డ్రెస్సుతో ఆడినా ఎవరూ వింతగా చూడలేదు. చక్కగా ఆడినవారిని పరిరక్షణ సంఘపు పెద్దలు గమనించి చిన్న చెక్క బిళ్ల ఇస్తారు. దాన్ని చూపి కొద్దిపాటి రుసుము చెల్లిస్తే ఆ నృత్యానికి యోగ్యతాపత్రం లభిస్తుంది. ఏ రాత్రి ఏ నృత్యానికి ఇస్తారో ముందే ప్రకటిస్తారు. మా అమ్మాయికి ఒకసారి ఆ బిళ్ల దొరికినప్పుడు, వలయంలో పక్కన ఆడుతున్న అపరిచితులందరూ చప్పట్లు కొట్టారు.

మీ ప్రశ్నలో వంటల ప్రస్తావన ఉంది కాబట్టి ఒక మాట. ఇక్కడైనా మన దగ్గరైనా పండుగ వెనుక వంటింటి పని ఎక్కువగా ఆడవారి మీదే పడుతుంది, అది ఏ లెక్కలోకీ రాదు. బరువు పంచుకోవాలని కూర్చున్నప్పుడు వేదిక మీది పనులతో పాటు గిన్నెలు తోమే పనిని కూడా పట్టికలో రాయండి. పేరు పెట్టి రాస్తేనే దానికి వంతు వస్తుంది.

సాధారణ రాత్రుల్లో ఎనిమిది గంటలకు మొదలై పదిన్నర ప్రాంతంలో ముగుస్తుంది. ఆ వీధుల్లో వృద్ధులు, పసిపిల్లలు ఉన్న ఇళ్లు ఉన్నాయని మరచిపోకుండా, ముగిశాక గట్టిగా మాట్లాడకుండా వెళ్లడం, తెచ్చుకున్న చెత్తను తిరిగి పట్టుకుపోవడం మనం ఆ పేటవారికి చేయగలిగిన నిజమైన సహాయం.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. వంతు పద్ధతి, సామాను గది, పనుల పట్టిక గురించి చెప్పినవి మా తరువాతి సమావేశంలో తప్పక ప్రస్తావిస్తాను. మాకు ఇక్కడ పేటలు లేవు, కుటుంబాలు నగరమంతటా చెదిరి ఉన్నాయి. అయినా ఒకే రైలు మార్గం మీద ఉన్న కుటుంబాలను ఒక జట్టుగా చేసి, ఒక పండుగలో ఒక భాగాన్ని ఒక్కొక్క జట్టుకు అప్పగించవచ్చునని తోస్తోంది. ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. బయటి ఊరివారు, అందులోనూ విదేశీయులు, ఆ పేటవారికి పనిలో తోడ్పడవచ్చునా? కరోనా కాలంలో ఆగిపోయిన ఉత్సవం మళ్లీ ఎలా నిలదొక్కుకుంది?

నాల్గవ సమాధానం (గిఫు నగరం నుంచి, మొదటి సమాధానం రాసినవారు)

రెండవ సందేహం నుంచి మొదలుపెడతాను. 2020లోనూ 2021లోనూ గుజోలో వీధి నృత్యం జరగలేదు. 2022లో సంక్షిప్తంగా జరిపారు, తెల్లవారే దాకా ఆడే ఓబోన్ రాత్రులు 2023లోగాని తిరిగి రాలేదు. అదే 2022 నవంబరులో జపాన్‌లోని 24 ప్రిఫెక్చర్లకు చెందిన 41 సామూహిక నృత్యాలను ‘ఫుర్యూ ఒదోరి’ అనే ఒకే పేరు కింద యునెస్కో అవ్యక్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. గుజో నృత్యం వాటిలో ఒకటి, అదే నగర పరిధిలోని కనోమిజు గ్రామపు నృత్యం మరొకటి. జాతీయ స్థాయిలో గుజో నృత్యానికి 1996లోనే ముఖ్యమైన జానపద సాంస్కృతిక సంపదగా గుర్తింపు లభించింది. ఈ గుర్తింపుల వల్ల వచ్చేవారి సంఖ్య పెరుగుతుంది, గర్వం పెరుగుతుంది. కాని వీధి ఊడ్చే చేతులు వాటివల్ల పెరగవు. రెండవ సమాధానంలో విద్యార్థి మిత్రుడు చెప్పిన హెచ్చరికతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. రెండు మూడేళ్ల విరామం తరువాత తిరిగి ప్రారంభించేటప్పుడు చిన్న పండుగలు పడే ఇబ్బంది, ఎవరు ఏమి చేసేవారో చెప్పగల మనిషి ఆ మధ్యలో వయసు మీరిపోవడమో, ఊరు విడిచిపోవడమో. గుజోకు ఆ ప్రమాదం కొంత తక్కువగా ఉండటానికి ఒక కారణం, ఒకే నైపుణ్యం ఒకే చోట కాకుండా ఎన్నో పేటల్లో పంచి ఉండటం. ఒక పేటకు మరచిపోయిన సంగతి పక్క పేటను అడిగి తెలుసుకోవచ్చు.

ఇక బయటివారి సహాయం గురించి. దీనికి నా సమాధానం కొంత నిరుత్సాహంగా అనిపించవచ్చు గాని, గౌరవంతో చెబుతున్నాను. వలయంలోకి ఎవరినైనా మనసారా ఆహ్వానించే ఆ ఊరివారు, పేట పనిలోకి అపరిచితుణ్ణి ఒక్క రాత్రి కోసం తీసుకోవడానికి తొందరపడరు. అపనమ్మకం ఇందుకు కారణం కాదు. ఏ గుమ్మం ముందు దీపం ఎంత ఎత్తులో కట్టాలి, ఏ కాలువ మూత బలహీనంగా ఉంది, ఏ ఇంట్లో మంచం పట్టిన మనిషి ఉన్నారు అన్నవి ఆ వీధిలో బతికినవారికే తెలుస్తాయి. ఒక్క రాత్రి సహాయకుడికి ఇవన్నీ చెప్పడానికి పట్టే సమయంలో వారే ఆ పని పూర్తి చేసుకుంటారు. నిజంగా తోడ్పడాలనుకునేవారు ఒక పేటతో ఏళ్ల తరబడి పరిచయం పెంచుకోవాలి. ఓబోన్ రద్దీలో కాకుండా, జూలైలోనో ఆగస్టు చివరనో జరిగే చిన్న రాత్రులకు, అందులోనూ వారాంతం కాని రోజుల్లో వెళ్లండి. అప్పుడు వలయం చిన్నదిగా ఉంటుంది, పాటకు పాటకూ మధ్య పెద్దవారితో మాట్లాడే తీరిక దొరుకుతుంది. ప్రతి ఏడూ అదే పేట రాత్రికి వెళితే వారు మిమ్మల్ని గుర్తుపడతారు. మండపం తోయడానికి చేయి వేయమని వారే పిలిచిన రోజున వెళ్లి చేయి వేయండి. అప్పటిదాకా అక్కడి దుకాణాల్లో తినడం, అక్కడే బస చేయడం కూడా సహాయమే, ఎందుకంటే పండుగకు చందా ఇచ్చేది, పని చేసేది ఎక్కువగా ఆ దుకాణదారులే.

మీ రైలు మార్గపు జట్ల ఆలోచన నాకు నచ్చింది. ఒక్క సూచన మాత్రం చేస్తాను. ఒక్కొక్క జట్టుకు ఇచ్చే భాగం చిన్నదైనా పూర్తిగా వారిదే కావాలి. భోజనాలు ఒక జట్టువైతే ఆ రోజు ఏమి వండాలో, ఎంత ఖర్చు పెట్టాలో నిర్ణయించే అధికారం కూడా వారికే ఇచ్చి, పాత నిర్వాహకులు అడిగితే తప్ప సలహా చెప్పకుండా ఉండాలి. గుజోలో ఒక పేట తన రాత్రి దీపాలను ఎలా కట్టుకుంటుందో పక్క పేట వచ్చి చెప్పదు.

ప్రయాణం విషయంలో చివరగా ఒక మాట. నగోయా నుంచి వచ్చే బస్సులు నృత్యం ముగిసే సమయానికి తిరుగు ప్రయాణానికి ఉండవు, నగరగావా రైలు మార్గంలో కూడా అంత రాత్రి రైళ్లు దొరకవు. ఓబోన్ నాలుగు రాత్రులకు ఊళ్లో గదులు నెలల ముందే నిండిపోతాయి కాబట్టి, మొదటిసారి వెళ్లేవారు జూలైలోని ఒక రాత్రిని ఎంచుకుని, ముందుగా గది మాట్లాడుకుని, పగలే చేరుకోవడం మంచిది. ఆ మధ్యాహ్నం కితామాచి కాలువల వెంట నడిచి, ఊటల దగ్గర నీళ్లు తాగి, చీకటి పడ్డాక ఆ రాత్రి వంతు ఏ పేటదో అడుగుతూ వెళితే సరిపోతుంది.